గుర్తు మారితే మాట మారినట్టేనా?

బాసరలో గోదావరి ఒడ్డున ఉన్న జ్ఞాన సరస్వతి గుడికి ఏడాది పొడుగునా చిన్నపిల్లలను తీసుకొస్తుంటారు. వసంత పంచమి నాడైతే కాలు పెట్టే సందు ఉండదు. పళ్లెంలో బియ్యం పోసి, పిల్లవాని వేలు పట్టుకుని అక్షరం దిద్దిస్తారు. తాను ఏం రాస్తున్నాడో ఆ పిల్లవానికి తెలియదు. పట్టుకున్న చెయ్యి అమ్మదో నాయనదో కాబట్టి వేలు కదిలిస్తాడు. గుర్తును నమ్మడం మనిషికి అక్కడే మొదలవుతుంది. ముందు మనిషిని నమ్ముతాం. ఆ మనిషి చూపించిన గుర్తును తర్వాత నమ్ముతాం.

మేము ఇద్దరం ఆదివాసీ ఉపాధ్యాయులం. ఉట్నూరు వైపు గూడేల్లో పుట్టి, డైట్‌లో శిక్షణ పొంది, ఇప్పుడు బాసరకు దగ్గరలో ఒక ప్రాథమిక పాఠశాలలో పని చేస్తున్నాం. 2024 ఏప్రిల్‌లో, ఎండాకాలం సెలవులు ఇచ్చే ముందు, ఐదో తరగతి అమ్మాయి ఒకరోజు లేచి అడిగింది: "సారూ, టీవీల డీడీ న్యూస్ గుర్తు మారింది. ఎర్రగ ఉండేది, ఇప్పుడు వేరే రంగు వచ్చింది. గుర్తు మారితే వార్తలు గూడ మారుతయా?"

చిన్నపిల్ల అడిగిన చిన్న ప్రశ్న. కానీ మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. అంతకు ముందు ఏడాది ఇదే ప్రశ్న మా ఊళ్లో మా మెడకు చుట్టుకుంది. ఆ సంగతి తర్వాత చెప్తాం. ముందు ఆ గుర్తు కథ కొంత తెలుసుకుందాం.

దూరదర్శన్ 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. అప్పుడది ఆకాశవాణిలో ఒక భాగం. 1976 ఏప్రిల్ 1న విడిపోయి సొంత సంస్థ అయింది. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలో చదువుకుంటున్న దేవాశిష్ భట్టాచార్య అనే విద్యార్థి గీసిన బొమ్మ దానికి గుర్తు అయింది. నడుమ ఒక గుండ్రం, దాని చుట్టూ తిరిగిన రెండు వంపులు. చూస్తే కన్ను లాగా ఉంటుంది. దానితో పాటు పండిట్ రవిశంకర్ కట్టిన బాణీ వినిపించేది. హైదరాబాద్ కేంద్రం 1977లో వచ్చింది. మన గూడేలకు కరెంటు, టీవీ వచ్చేసరికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. పంచాయతీ ఆఫీసులో ఒక్క టీవీ ఉంటే ఊరంతా దాని ముందు కూర్చున్న రోజులు మాకు గుర్తున్నాయి. మా పెద్దలకు తెలుగు చదవడం రాదు. అయినా ఆ వంపులు తిరిగి కన్ను అయ్యే బొమ్మ చూస్తే, ఆ బాణీ వింటే, ఇది సర్కారు టీవీ అని తెలిసేది. అక్షరం రాని మనిషికి గుర్తే అక్షరం.

ఆ కన్ను అలాగే ఉంది కానీ దాని చుట్టూ చాలా మారాయి. హైదరాబాద్ కేంద్రం తెలుగు ప్రసారాలకు సప్తగిరి అనే పేరు ఉండేది. 2014లో రాష్ట్రం విడిపోయాక సప్తగిరి ఆంధ్రప్రదేశ్‌కు పోయింది, మనకు యాదగిరి వచ్చింది. పేరు మారిన నాడు రామంతాపూర్‌లోని భవనం మారలేదు. 2017లో దూరదర్శన్‌కు కొత్త లోగో కావాలని ప్రసార భారతి ప్రజలనే బొమ్మలు పంపమని అడిగింది. వేల బొమ్మలు వచ్చాయి. అయినా పాత కన్ను పోలేదు. 2024 ఏప్రిల్ 16న డీడీ న్యూస్ లోగో ఎరుపు రంగు పోయి కాషాయం వచ్చింది. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్న రోజుల్లో ఈ రంగు ఎందుకని ప్రసార భారతి మాజీ సీఈఓ జవహర్ సర్కార్ వంటి వారు అడిగారు. అది నారింజ రంగు, చూడడానికి బాగుంటుందని పెట్టామని అప్పటి సీఈఓ గౌరవ్ ద్వివేది చెప్పారు. తొలినాళ్లలో కూడా ఆ రంగే ఉండేదని అన్నవారూ ఉన్నారు. విలువలు అవే, రూపం మాత్రమే కొత్తది అని చానెల్ తన మాటగా చెప్పుకుంది.

రంగు గురించి ఎవరి అభిప్రాయం వారికి ఉండొచ్చు. మేము ఆగి ఆలోచించింది ఆ చివరి మాట దగ్గర. రూపం మారింది, విలువలు మారలేదు అని చెప్పేవాళ్లు ఎవరైనా సరే, ఆ మాటను పరీక్షించే పని ఎవరిది? చెప్పినవాళ్లదా, విన్నవాళ్లదా?

గుర్తు ఒక్క రోజులో మారదు. ఈ సంగతి మన పిల్లలకు తెలియాలి. టీవీ తెర మూలన కనిపించే లోగోను హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు ఒక్క రాత్రిలో మార్చేస్తారు. కానీ విలేకరి చేతిలోని మైకు మీద ఉండే డబ్బా, బండి మీద వేసిన రంగు, ఆఫీసు ముందు బోర్డు, లెటర్‌ప్యాడు, గుర్తింపు కార్డు, పాత వీడియోలు ఇవన్నీ ఒక్కొక్కటిగా మారాలి. దేనికైనా డబ్బు కావాలి. పాత కాగితం అయిపోయేదాకా వాడుకుందాం అనుకుంటారు. అందులో తప్పు లేదు. ఇంగ్లండులోని బీబీసీ 1997లో తన వాలు అక్షరాల గుర్తును తీసేసి నిటారు అక్షరాలు పెట్టింది. వాలు గీతలు తెర మీద సరిగా రావని, కింద ఉన్న మూడు రంగుల గీతలు అచ్చు వేయడానికి ఖర్చు ఎక్కువని అప్పట్లో చెప్పిన కారణాలు. అంత పెద్ద సంస్థ కూడా ఖర్చు లెక్క చూసుకుంది.

ఇలా మెల్లగా మారేటప్పుడు ఒకటి జరుగుతుంది. కొత్త గుర్తు పట్నంలో పుడుతుంది. పాత గుర్తు మన మండలాల్లో ఆఖరుదాకా బతుకుతుంది. రాజధానిలో కొత్త మైకు వచ్చిన ఏడాదికి కూడా మన దగ్గరి విలేకరి పాత మైకుతోనే తిరుగుతుంటాడు. ఆ మధ్య కాలంలో రెండు గుర్తులూ నిజమే. ఏది అసలు, ఏది నకిలీ అని చెప్పడం చదువుకున్నవాళ్లకే కష్టం.

ఇప్పుడు మా ఊరి సంగతి. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో అప్పటి ముఖ్యమంత్రి పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. పట్టా వచ్చినవాళ్లు సంతోషపడ్డారు. రానివాళ్లు ఎదురుచూస్తున్నారు. పోడు పట్టా అంటే మనకు ఏమిటో ఈ పుస్తకం చదివేవాళ్లకు చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లోనే ఒక వీడియో ముక్క ఫోన్లలో తిరిగింది. పట్టా రానివాళ్లు ఈ శనివారం లోపల మండల ఆఫీసుకు కాగితాలు తీసుకెళ్లి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలని అందులో ఉంది. మూలన ఒక టీవీ చానెల్ లోగో ఉంది. అది పాత లోగో. ఆ చానెల్ తెర మీద అప్పటికే కొత్తది వచ్చింది. కానీ మా మండలంలో మైకు మీద పాతదే కనిపిస్తుండేది. అందుకని మాకు అనుమానం రాలేదు. మాలో ఒకరు ఆ వీడియోను మా ఊరి గ్రూపులోకి పంపారు. రెండో వారు దాని కింద "తప్పకుండా వెళ్లండి" అని రాశారు.

పత్తి చేలో కలుపు తీసే రోజులు. కూలి మానుకుని జనం కదిలారు. ఆటోకు డబ్బులు పెట్టారు. జిరాక్సులు తీయించారు. దరఖాస్తు నింపి పెడతానని ఒకతను ఇంటికి రెండు వందలు వసూలు చేశాడు. తీరా పోతే ఆఫీసులో అట్లాంటిదేమీ లేదన్నారు. ఆ వీడియో ఎవరో పాత వార్తను కోసి, వేరే గొంతు అతికించి చేసింది.

ఆదివారం మేము ఊరికి పోయాం. లోగో పాతది కాబట్టి మోసపోయామని, చానెల్ వాళ్లు గుర్తు మార్చినట్టు గట్టిగా చెప్పి ఉంటే ఇలా జరిగేది కాదని చెప్పబోయాం. ఒక పెద్దాయన, మాకు వరుసకు తాత అవుతాడు, నెమ్మదిగా అన్నాడు: "ఆ మూలకున్న గుర్తు మేం సూడలే బిడ్డా. మాకు అది తెలువది. మీ పేరు సూసినం. సార్లు పంపిండ్రు గదా, అబద్ధం ఉండదనుకున్నం."

ఆ మాట తర్వాత మాకు లోగో గురించి మాట్లాడే నోరు లేకపోయింది. ఊరికి టీవీ చానెల్ గుర్తు మేమే. మా పేరు కనిపిస్తే చాలు, అది ముద్ర పడ్డ కాగితం. ఆ ముద్రను చూసుకోకుండా వేసింది మేము.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఇద్దరం చాలా రోజులు మాట్లాడుకున్నాం. మా ఇద్దరికీ మొదట పొత్తు కుదరలేదు.

ఒకరు అన్నారు: గుర్తు అంటే ఉత్త రంగు. దాన్ని పట్టించుకోవడమే తప్పు. బండి నంబర్లు చూడండి. బాసర రోడ్డు మీద నిలబడితే ఒక్క గంటలో మూడు రకాలు కనిపిస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లా బండికి ఏపీ 01. తెలంగాణ వచ్చాక టీఎస్ 01. 2016లో నిర్మల్ జిల్లా అయ్యాక ఇక్కడి బండికి టీఎస్ 18. 2024 మార్చి 15 నుంచి కొత్త బండ్లకు టీజీ. పాత బండి పాత నంబరుతోనే నడుస్తోంది. ఎవరికి నష్టం? టీఎస్ఆర్టీసీ పేరు 2024 మే నెలలో టీజీఎస్ఆర్టీసీ అయింది. అయితే ఏమైంది? బస్సు బైంసాకు పోవాల్సింది బైంసాకే పోయింది. గుర్తు వెనక పని సరిగా ఉంటే గుర్తు ఏదైనా ఒకటే.

రెండో వారు అన్నారు: చదువు వచ్చినవాళ్లకు మాత్రమే గుర్తు ఉత్త రంగు. చదువు రానివాళ్లకు అదే దారి. 1951-52లో దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు ఓటర్లలో ఎక్కువమందికి చదవడం రాదు. అందుకని అభ్యర్థికొక పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. ఆ గుర్తును ఎన్నికల మధ్యలో మెల్లమెల్లగా మారుస్తామంటే ఎవరైనా ఒప్పుకుంటారా? మందు సీసా మీద బొమ్మ మారితే, విత్తనాల సంచి మీద ముద్ర మారితే, మా అమ్మ ఏది చూసి కొనాలి? గుర్తు మార్చడమంటే చదువు రాని మనిషి చేతిలోని ఊతకర్రను మార్చడం. చెప్పకుండా మారిస్తే పడిపోతాడు.

రెండు మాటల్లోనూ నిజం ఉంది. మరి నెమ్మదిగా మార్చడం మంచిదా, చెడ్డదా? ఇక్కడే అసలు చిక్కు ఉందని మాకు అనిపించింది.

నెమ్మదిగా మార్చడంలో దయ ఉంది. ముసలివాళ్లకు అలవాటు పడే టైము దొరుకుతుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉంటే రెండూ ఒకటేనని తెలుసుకుంటారు. ఆకాశవాణి సంగతి చూడండి. 1936 నుంచి ఆలిండియా రేడియో అనే పేరు ఉంది. 1950ల్లో ఆకాశవాణి అనే పేరు అధికారికం అయింది. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా రెండు పేర్లూ కలిసే నడిచాయి. ఇంగ్లీషులో ఒకటి, మన భాషల్లో ఒకటి. 2023 మే నెలలో ఇక అన్నిచోట్లా ఆకాశవాణి అనే పేరే వాడాలని ఆదేశం వచ్చింది. తెలుగువాళ్లకు ఆ మాట ఎప్పటినుంచో ఇంటి మాట, మనకు ఏమీ అనిపించలేదు. తమిళనాడులో మాత్రం అభ్యంతరాలు వచ్చాయి. వాళ్లకు రేడియో అంటే వానొలి. ఒకే మార్పు ఒకరికి తెలియనే తెలియదు, ఇంకొకరికి గుచ్చుకుంటుంది. ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండీ మాట వినబడితే మన తాతలు పని ఆపి వినేవారు. ఆ కేంద్రం బోర్డు మీద ఏ పేరు ఉందో వాళ్లు ఏనాడూ చూడలేదు. తమ మాట వస్తున్నదా లేదా అన్నదే చూశారు. వాళ్లకు అదే అసలైన గుర్తు.

నెమ్మదిగా మార్చడంలో మోసం కూడా ఉండొచ్చు. ఒక్కసారిగా మారిస్తే అందరూ చూస్తారు, ఎందుకని అడుగుతారు. కొంచెం కొంచెంగా మారిస్తే ఎవరూ చూడరు, ఎవరూ అడగరు. ఇది ఆదివాసీలకు బాగా తెలిసిన సంగతి. జోడేఘాట్‌లో 1940లో నేలకొరిగిన వీరుని ఇంటిపేరు మన గోండీలో కుమ్రం. తెలుగు నోళ్లలో, తెలుగు కాగితాల్లో అది కొమరం అయింది, కొమురం అయింది. ఏ ఒక్క రోజూ ఎవరూ ఈ పేరు మారుస్తున్నామని చెప్పలేదు. అందుకే ఏ ఒక్క రోజూ మనం వద్దనలేదు. 2016లో ఆయన పేరు మీద జిల్లా ఏర్పడింది. కుమురం భీం అని కొన్ని బోర్డులు, కొమురం భీం అని కొన్ని రాతలు ఈనాటికీ కనిపిస్తాయి. తప్పును కొంచెం కొంచెంగా దిద్దుతున్నారు, మంచిదే. కానీ ఆ తప్పు కొంచెం కొంచెంగానే వచ్చిందని మరచిపోవద్దు.

ఇంత దూరం ఎందుకు, మన బడి రిజిస్టరే తెరిచి చూద్దాం. మొదటి తరగతిలో చేరిన పిల్లవాని ఇంటిపేరు మడావి. రాసినవాళ్ల చేతిలో మాడవి అయింది. ఆధార్‌లో ఇంకోలా వచ్చింది. కుల ధ్రువపత్రంలో మరోలా పడింది. పదో తరగతికి వచ్చేసరికి స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది, పేరు కలవడం లేదంటారు. ఆ తండ్రి ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. మన పిల్లలకు ఇంటిపేరు ఉత్త పేరు కాదు. ఎన్ని దేవతల సగ వాళ్లు, ఎవరితో సంబంధం కలుపుకోవచ్చు, ఎవరు అన్నదమ్ముల వరుస, అన్నీ దాని నుంచే తెలుస్తాయి. ఒక దీర్ఘం ఎక్కడ పడిందని మనకు అనిపించొచ్చు. ఆ దీర్ఘం పెట్టింది కూడా ఎవరో ఒక ఉపాధ్యాయుడే. టీవీ చానెల్ గుర్తు మారిందని ప్రశ్నించే ముందు, మన చేతి రాతలో ఎన్ని గుర్తులు మార్చామో చూసుకోవాలి.

మరి నెమ్మదిగా జరిగే మార్పుల్లో దయ ఏదో, మోసం ఏదో ఎలా కనిపెట్టాలి? మేము పుస్తకాల్లో వెతకలేదు. కేస్లాపూర్ వైపు చూశాం.

ఏటా పుష్య మాసం అమావాస్యకు నాగోబా మహాపూజ. మెస్రం వంశం వాళ్లు కాలినడకన జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా పోయి గోదావరి నీళ్లు తెస్తారు. పూజకు కావాల్సిన కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర చేయించుకుంటారు. కుండలు కొత్తవి. మోసే మనుషులు తరం మారేకొద్దీ మారతారు. గుడి కూడా మారింది. చిన్న గుడి ఉన్నచోట మెస్రం వాళ్లు తమలో తామే ఇంటికింత అని వేసుకుని రాతి గుడి కట్టుకున్నారు. 2022 డిసెంబర్‌లో దాన్ని ప్రారంభించుకున్నారు. కట్టడానికి ఏళ్లు పట్టింది, అంటే అది కూడా నెమ్మదిగా జరిగిన మార్పే. కానీ ఇది మా నాగోబా కాదని ఎవరూ అనలేదు. కారణం కనిపిస్తూనే ఉంది. మార్చింది ఆ దేవుని మనుషులే. డబ్బు పెట్టింది వాళ్లే. అడగాలనుకున్నవాడు అడగడానికి మనుషులు అక్కడే ఉన్నారు. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్లు నడిచిపోయి తేవడం ఆపలేదు. ట్యాంకరు తెప్పిస్తే సరిపోతుంది కదా అని ఎవరూ అనలేదు. గుడి రాయి మారొచ్చు. ఆ నడక మానితే మాత్రం అది వేరే జాతర అవుతుంది.

దీని నుంచి మాకు మూడు ప్రశ్నలు దొరికాయి. ఏ గుర్తు మారినా, టీవీదైనా, రేడియోదైనా, ప్రభుత్వానిదైనా, మన సంఘానిదైనా, ఈ మూడూ అడగొచ్చు.

మొదటిది, ఈ గుర్తును చూసి బతికేవాళ్లకు ముందుగా చెప్పారా? పేపర్లో ప్రకటన వేస్తే చదవగలిగినవాళ్లకు చెప్పినట్టు అవుతుంది. చదవలేనివాళ్లకు కూడా చెప్పాలి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఇది పోతుంది, ఇది వస్తుంది, ఫలానా రోజు తర్వాత పాతది కనిపిస్తే నమ్మొద్దు అని వాళ్ల భాషలో చెప్పాలి. నెమ్మదిగా మార్చేవాళ్లకు ఈ బాధ్యత ఇంకా ఎక్కువ. ఆ మధ్య కాలంలోనే దొంగలు దూరుతారు.

రెండోది, ఎందుకని అడిగితే జవాబు చెప్పేవాళ్లు ఉన్నారా? జవాబు మనకు నచ్చకపోవచ్చు. అయినా చెప్పేవాళ్లు ఉండాలి. అడిగినవాణ్ణి ఎగతాళి చేస్తే, నీకెందుకు అంటే, అక్కడ ఏదో దాచుతున్నారని అర్థం.

మూడోది, గుర్తు కింద చేసే పని ఆగిందా, సాగుతుందా? ఇది ఒక్క రోజులో తేలదు. వార్తల చానెల్ అయితే మన ఊరి రోడ్డు, మన ఆశ్రమ పాఠశాల, మన పోడు దాని తెర మీద వస్తున్నాయా, వస్తే నిజంగా వస్తున్నాయా అని ఏడాది పాటు చూడాలి. విలువలు అవే అని చెప్పుకునే హక్కు ఎవరికైనా ఉంది. అవునా కాదా అని తేల్చవలసింది చూసేవాళ్లే.

ఈ మూడు ప్రశ్నలూ బయటివాళ్లకే కాదు, మనకూ వర్తిస్తాయి. ఇప్పుడు మన ఇంట్లోనే ఒక గుర్తు మారుతోంది. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టినప్పుడు గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చు వేశారు. తర్వాత మన పిల్లలు తెలుగు లిపిలో చదువుకున్నారు. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల వల్ల మనకు సొంత లిపి ఉందని లోకానికి తెలిసింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆయనతో పని చేసినవాళ్లు దానికి ఎంతో శ్రమపడ్డారు. 2018లో గుంజాల గోండీ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. అంతకు ముందు ఏడాది మసరాం గోండీ లిపికి చోటు దొరికింది. అంటే ఫోన్లలో, కంప్యూటర్లలో మన అక్షరం రావడానికి దారి పడింది. మనందరికీ గర్వంగా ఉంది.

కానీ తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ లిపిని బోర్డుల మీదికి, ఆహ్వాన పత్రికల మీదికి, సంఘం జెండాల మీదికి తెచ్చేటప్పుడు ఒక్కసారి ఆగి చూడండి. తెలుగు అక్షరమే కష్టంగా కూడబలుక్కుంటున్న అవ్వకు దాన్ని ఎవరు చదివి వినిపిస్తున్నారు? కొలాం పిల్లవాడు, నాయక్‌పోడు పిల్లవాడు మన పక్కనే ఉంటే అతనికి ఏం చెప్పారు? లిపిని అందంగా రాసి ఫొటో దిగి, ఇంట్లో పిల్లలతో గోండీ మాట్లాడడం మానేస్తే మూడో ప్రశ్నకు మన జవాబు ఏమిటి? కొత్త గుర్తు పెట్టుకుని కింద పని ఆపేసిన చానెల్‌కూ మనకూ తేడా ఉండదు. కొంచెం కొంచెంగానే నేర్పుదాం. నెమ్మదిగానే తెద్దాం. ప్రతి అడుగూ ఊరికి చెప్పి వేద్దాం.

ఉపాధ్యాయ మిత్రులకు ఇంకో మాట. మనం కూడా గుర్తులమే. ఊరు మనల్ని చూసి ఒక మాటను నమ్ముతుంది, ఒక కాగితం మీద వేలిముద్ర వేస్తుంది. మనం బదిలీ మీద పోతాం, ఇంకొకరు వస్తారు. సారు అనే పేరు అలాగే ఉంటుంది. నా తర్వాత వచ్చేవాణ్ణి కూడా ఊరు నమ్మాలంటే, ఆ పేరును నేను పాడుచేయకుండా అప్పగించాలి.

మేము ఆ రెండు వందల రూపాయల సంగతి వదిలిపెట్టలేదు. వసూలు చేసినవాడు దొరకలేదు. మేమిద్దరం కలిసి ఎంత వీలైతే అంత ఇళ్లకు తిరిగి ఇచ్చాం. కొందరు తీసుకోలేదు. ఒకరోజు కూలి మాత్రం ఎవరికీ తిరిగి ఇవ్వలేకపోయాం. అప్పటినుంచి గ్రూపులో ఏది పంపినా మొదటి లైనులో ఒకటి రాస్తున్నాం. ఆఫీసుకు ఫోన్ చేసి అడిగితే "అడిగి తెలుసుకున్నాం" అని, అడగకపోతే "ఇంకా తెలుసుకోలేదు, కదలకండి" అని. ఇప్పుడు ఊరివాళ్లు ఆ లైను లేకుండా ఏదైనా వస్తే "సారూ, అడిగిండ్రా?" అని వాళ్లే ఫోన్ చేస్తున్నారు. ఆ ఫోన్ వచ్చినప్పుడల్లా కొంచెం సిగ్గు వేస్తుంది, కొంచెం ధైర్యం వస్తుంది.

ఐదో తరగతి అమ్మాయికి చివరికి ఏం చెప్పామంటే: "గుర్తు మారితే వార్తలు మారతాయో లేదో మాకు ఇప్పుడే తెలియదు. నువ్వు రోజూ చూడు. ముందు ఏం చెప్పేవాళ్లు, ఇప్పుడు ఏం చెప్తున్నారు, మన ఊరి గురించి ఏం చెప్పారు, నోటుబుక్కులో రాయి. సెలవులయ్యాక నువ్వే మాకు చెప్పు." ఆమె జూన్‌లో నోటుబుక్కు తెచ్చింది. అందులో పన్నెండు రోజుల రాత ఉంది. తర్వాత కరెంటు పోయిందట, ఆ తర్వాత పెళ్లిళ్లట. పన్నెండు రోజుల రాతతో ఏమీ తేల్చలేమని ఆమే చెప్పింది. ఇప్పుడు ఆరో తరగతికి వేరే బడికి పోయింది. పోయేటప్పుడు ఆ నోటుబుక్కు మాకు ఇవ్వలేదు, ఇంకా రాయాలంది.